చేట మీద గీతలు

మళ్ళీ నిప్పురవ్వలే వచ్చాయి.

పరీక్ష కోసం బిగించిన ఇనుప పలక చెక్కుచెదరలేదు. దాన్ని చీల్చవలసిన కందిరీగ మాత్రం వెనక్కి ఎగిరి, పల్టీ కొట్టి, చక్రాలు పైకెత్తి గిలగిల్లాడింది.

"ఛీ!" అంటూ జట్టు కెప్టెన్ స్పానరును బల్ల మీదికి విసిరాడు.

కందిరీగ అంటే అతనూ అతని చెల్లెలూ కలిసి తయారుచేసిన పోరాట రోబో. దాని ముందు భాగంలో రెండు పళ్ళున్న ఉక్కు చక్రం గిర్రున తిరుగుతుంది, తగిలినదాన్ని చీల్చాలి. నాలుగు పోటీల్లో చీల్చింది కూడా.

కాని ఫైనల్లో ఎదురు నిలవబోయేది చేట.

చేటకు ఆయుధమంటూ ఏదీ లేదు. ముందుకు వాలుగా దిగిన ఒక మందపాటి పలక, అంతే. ఆ పలకతోనే అది మూడేళ్ళుగా అందరినీ చెరిగి అవతల పారేస్తోంది.

"ఈసారి కప్పు తేకపోతే మీరు రోబోలు చేసుకునే షెడ్డును సైకిల్ స్టాండు చేసేస్తాను" అని కాలేజీ ప్రిన్సిపల్ చెప్పి మరీ పంపాడు. ఆయన మాట తప్పే మనిషి కాడు. అదే వచ్చిన చిక్కు.

ఫైనల్‌కు ఇంకా నలభై నిమిషాలుంది.

"చక్రం మరీ వేగంగా తిరుగుతోంది, బాబూ."

ఇద్దరూ తలతిప్పి చూశారు.

యాభై దాటిన ఒక ఆవిడ. నూనె మరకల ఏప్రన్. చేతిలోని బకెట్ నిండా వంగిన బోల్టులు, చిరిగిన రేకులు. పొద్దుటినుంచీ ప్రతి పోటీ ముగిశాక బరిలో రాలిన ముక్కలు ఏరుతూ కనిపిస్తోంది.

"పాత ఇనుము అటు మూల ఉందమ్మా" అన్నాడు కెప్టెన్.

"అక్కడిదీ చూశాను. ఇదుగో, ఈ పలక చూడు. అన్నీ గీతలే. మీ పన్ను గీస్తోంది గాని కొరకడం లేదు."

"వేగం చాలక."

"కాదు, ఎక్కువై. ఒక పన్ను పోయి రెండో పన్ను వచ్చేలోగా ఎదుటిది కాస్తయినా లోపలికి జరగాలి కదా? ఆ సందు మీరివ్వడం లేదు. వేగం సగానికి దించండి. దూరం నుంచి పరుగెత్తించి గుద్దండి."

"అమ్మా, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. బడిపిల్లల పుస్తకంలో ఉంటుందిది."

"పుస్తకం తప్పని ఎవరన్నారు? ఆ నాలుగింతలూ మీ చక్రంలోనే ఉండిపోతే అవతలివాడికేం నొప్పి?"

చెల్లెలు ఫక్కున నవ్వింది. కెప్టెన్ చుర్రుమని చూశాడు.

"ఒక్కసారి చేసి చూద్దాం అన్నయ్యా. రెండు నిమిషాల పని."

"నువ్వూ మొదలెట్టావా? మొన్న టీ కొట్టాయన చక్రానికి రంగు మార్చమన్నాడు. నిన్న వాచ్‌మన్ బ్యాటరీ తిప్పి పెట్టమన్నాడు. ఇవాళ పాత ఇనుమావిడ. రేపు మనింట్లో పిల్లి చెబుతుంది, అదీ వింటావా?"

"పిల్లి చెప్పినా, చేసి చూస్తే పోయేదేముంది?"

"టైము!"

ఆవిడ నొచ్చుకోలేదు. "చేసి చూడండి బాబూ, నా కోసమైనా" అని బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"నా కోసమైనా అట!" అంటూ కెప్టెన్ చక్రం వేగాన్ని ఇంకో మెట్టు పెంచాడు.

బరి చుట్టూ దళసరి అద్దం. అవతలివైపు, చేటను నడిపే పొడుగాయన ఎప్పటిలాగే ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆ జట్టులో ఇంకెవరినీ ఎవరూ చూసి ఎరగరు.

గంట మోగింది. కందిరీగ రొద పెట్టింది. చేట తాపీగా ఎదురొచ్చింది.

మొదటి దెబ్బకు నిప్పురవ్వలు. రెండో దెబ్బకూ అవే.

"పక్కనుంచి కొట్టు! పక్కనుంచి!"

"తిరగనిస్తేగా! ఈ వేగానికి మలుపు తిప్పితే చాలు, ఒక పక్కకి లేచిపోతోంది!" రిమోట్‌తో కుస్తీ పడుతూ అరిచింది చెల్లెలు.

మూడో దెబ్బకు కందిరీగ తన విసురుకు తానే ఎగిరి వెల్లకిలా పడింది. పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయింది.

బల్ల దగ్గరికి రాగానే చెల్లెలు ఇనుప పలకను సరిచేసి బిగించింది. కందిరీగను మళ్ళీ పరీక్షకు నిలబెట్టింది. వేగం సగానికి దించింది. దూరం నుంచి వదిలింది.

ఈసారి నిప్పురవ్వలు రాలేదు. ధన్‌మని మోత. బొటనవేలంత ముక్క పలక నుంచి ఊడి అవతల పడింది.

కెప్టెన్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకు చేశావే!"

"ఇప్పుడైతే నువ్వు అడ్డం రావు గనక."

ఆ ముక్క పట్టుకుని అతను ఆవిడ కోసం హాలంతా వెతికాడు. చివరికి వేదిక పక్కన కనిపించింది. గెలిచిన చేట ముందు గొంతుక్కూర్చుని, దాని పలకను వేలితో అంగుళం అంగుళం తడుముతోంది. అక్కడ ఏరడానికి ముక్కలేవీ లేవు.

"అమ్మా, మీరు చెప్పిందే నిజం. చూడండి."

ఆవిడ ఆ ముక్కను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ముఖం వెలిగింది, వెంటనే చిన్నబోయింది.

"ఈ పనేదో అరగంట ముందు చేసి చావలేకపోయారా?"

కెప్టెన్‌కు ఒళ్ళు మండింది. "ఓడింది మేము. షెడ్డు పోయింది మాది. మీకెందుకమ్మా అంత కోపం?"

మైకులో రెండోసారి పిలుపు వినిపించింది. "చేట రూపకర్త కప్పు అందుకోవడానికి వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

"మూడేళ్ళయింది, ఎక్కడ విరుగుతుందో ఒక్కసారైనా చూడకుండా దీన్ని ఇంకెలా బాగుచేయను బాబూ?" అంటూ ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, విసుగ్గా వేదిక మెట్లెక్కింది.