పన్నెండో కారు

"ఇదేనా?" అన్నాడు పళ్ళ డాక్టరు పెదవి విరిచి.

లోపల మాత్రం గుండె గంతులేస్తోంది. బల్లమీద పాత తువాలులో ఉన్నది అతను ఏడాదిగా వెతుకుతున్న వస్తువే. అరచేతిలో ఇమిడిపోయే కారు రేడియో. ఒకప్పుడు కారు ఆపి దిగేటప్పుడు దీన్ని డాష్‌బోర్డులోంచి లాగి చొక్కా జేబులో వేసుకుపోయేవాళ్ళు. బయట సొంత బ్యాటరీతో సన్నగా పాడేది. మళ్ళీ దాని అరలోకి తోస్తే కారు బ్యాటరీ అందుకుని గొంతు పెంచేది.

"ఇదేనండి," అంది ఇంటావిడ. పత్రికలో ప్రకటన ఇచ్చింది ఆవిడే. నలభై ఏళ్ళుంటాయి, మోచేతిదాకా గ్రీజు మరకలు.

డాక్టరు కుర్చీని జేబురుమాలుతో తుడిచి, ఆ రుమాలుని మళ్ళీ జేబులో పెట్టుకోవాలా వద్దా అని ఆలోచించి, అంచుమీద కూర్చున్నాడు. ముందుగదిలో సగం లోహాన్ని చెక్కే లేతు మిషనే ఆక్రమించింది. ఎక్కడ చూసినా ఇనప రజను, నూనె వాసన. కిటికీ దగ్గర ఓ ముసలాయన ఏదో మరని ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఇంటికి డాక్టరొచ్చాడన్న గౌరవం కూడా లేదు, తలెత్తలేదు.

"మా నాన్నగారు," అందావిడ. "కారు దిగారంటే ఇది జేబులో ఉండాల్సిందే. భోంచేస్తున్నా పక్కనే పెట్టుకునేవారు."

"మరి కారేదమ్మా?"

"ఇప్పుడు లేదండి."

తుక్కుకి వేసేసి ఉంటారు, అనుకున్నాడు డాక్టరు. కారుని తుక్కుకి వేసి రేడియోకి తువాలు చుట్టి దాచుకునే బాపతు! లోకంలో మంచి వస్తువులన్నీ ఏరికోరి ఇలాంటి మొద్దుల చేతిలోనే ఎందుకు పడతాయో అతనికి ఎప్పటికీ అర్థంకాదు.

ఆదివారం పాత కార్ల పోటీ ఉంది. పోయినేడు మొదటి బహుమతి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. తన కారంతా అద్దంలా మెరుస్తోంది, డాష్‌బోర్డు నడిమధ్య మాత్రం పన్ను ఊడినట్టు ఓ ఖాళీ. జడ్జీల్లో ఒకడు అందులో వేలు పెట్టి చూసి నవ్వాడు. పళ్ళ డాక్టరుకి అంతకన్నా తలవంపులు ఏముంటాయి? ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈసారి కూడా ఆ ఖాళీతో పోటీకి వెళ్ళడంకన్నా వెళ్ళకపోవడమే నయం.

"ఎలాగూ పారేసేదేగా. నాకిస్తే ఏదో ఓ మూల పడుంటుంది," అన్నాడు ఆవులిస్తూ. కావలసినదాన్నే తీసిపారేసినట్టు మాట్లాడటం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఊరికే ఇచ్చేస్తానండి. ఒక్కటే కోరిక. మీ కారు ఇక్కడికి తెచ్చి, నాన్నగారి ముందు దీన్ని అందులో పెట్టి, ఒక్క పాట వినిపించాలి. అరలో పట్టకపోతే మాత్రం ఇవ్వను. ఇప్పటికి పదకొండుమంది తెచ్చారు. ఒక్కరి కారులోనూ పట్టలేదు."

డాక్టరుకి నవ్వాగలేదు.

"వాళ్ళవి అసలు కార్లయితేగా! నేనూ నాలుగు రేడియోలు పెట్టి చూశాను, ఒక్కటీ దూరలేదు. అన్నీ నకిలీ సరుకే. నా కారులో అరకి ఇత్తడి పట్టాలున్నాయమ్మా, ఫ్యాక్టరీలో బిగించినవి. రంగు మార్పించాను, సీట్లు మార్పించాను, ఇంజను మార్పించాను. ఆ అరమీద మాత్రం ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వలేదు. అసలుదాని విలువ తెలిసినవాణ్ణి కదా!"

ముసలాయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"ఆ కారు ఎలా సంపాదించానో నాకే తెలుసు," అని గర్వంగా ముగించాడు డాక్టరు. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసుని వెలుతురులో పెట్టి చూసి, తాగకుండానే కిందపెట్టాడు.

"ఎప్పుడు తెస్తారండి?"

"రేపు పొద్దున్నే."

బయటికి రాగానే స్నేహితుడికి ఫోన్ చేశాడు. "చేతిలో బంగారం పెట్టుకుని, పాట వినిపిస్తే ఇచ్చేస్తారట! ఇంత వెర్రిబాగుల మనుషులు ఇంకా ఉన్నారంటే నమ్ముతావా?"

మర్నాడు ఎర్రకారు వాకిట్లో ఆగేసరికి ముసలాయన చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"నేను పెడతానండి," అన్నాడు. డాక్టరు అతని గొంతు వినడం అదే మొదటిసారి.

"ఆ చేతులతోనా? సీటు తోలుది, తెలుసా?"

కూతురు గబగబా సీటుమీద తువాలు పరిచింది. "పెట్టనివ్వండి డాక్టరుగారూ. పెద్దాయన ముచ్చట."

సరే ఏడవనీ అనుకుని డాక్టరు తాళంచెవి తిప్పి, కారుకే వదిలేసి, దిగి పక్కన నిలబడ్డాడు.

ముసలాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. డాష్‌బోర్డు వంకైనా చూడలేదు. ఎడంచేత్తో రేడియోని అర దగ్గర ఆనించి బొటనవేలితో తోశాడు.

టక్కుమంది. చిన్న దీపం వెలిగింది. కారంతా పాట నిండిపోయింది.

"చూశారా!" అన్నాడు డాక్టరు చప్పట్లు కొట్టి. "అసలుకి అసలే పడుతుంది. అంత కచ్చితంగా పట్టాలు చెయ్యడం మన పనివాళ్ళకి ఏడు జన్మలెత్తినా చేతకాదు. చెప్పినా మీకు అర్థంకాదులెండి."

ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. రేడియోకి ఏడ్చే మనిషిని చూసి డాక్టరుకి చిరాకేసింది. ఇక దిగమన్నట్టు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

ముసలాయన దిగలేదు. తలుపుని తనవైపు లాక్కుని మూసుకున్నాడు.

కూతురు కిటికీలోంచి లోపలికి వంగింది.

"ఆ పట్టాలు మీరు లేతుమీద చేసినవేగా నాన్నా, ఇక దిగకండి," అంది, "ఆరేళ్ళ కిందట ఎవడో ఎత్తుకుపోయిన మన కారు వాకిట్లోకొచ్చిందని నేను పోలీసులకి ఫోన్ చేసొస్తాను."