సవ్యదిశలో బుల్లెట్

రంగు కాగితాలు చదరాలుగా కత్తిరించి పెట్టాలి. అద్దం ముక్కల అంచులకు టేపు అంటించాలి. మొనదేలిన కత్తెరలు దాచేసి, మొండివి బయటపెట్టాలి. రాగానే అందరి ఫోన్లూ తీసుకుని అల్మరాలో పెట్టి తాళం వేయాలి. బుల్లెట్‌నీ కందిరీగనీ ఒకే బెంచీ మీద కూర్చోనివ్వకూడదు. జిగురు సీసా బుల్లెట్ చేతికి అందకూడదు.

మొదటిరోజు తిన్న దెబ్బలతో టీచరమ్మ రాసుకున్న పనులివి. రెండోరోజు పొద్దున్న బస్సులో వాటినే మంత్రంలా వల్లించుకుంటూ వచ్చింది.

వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. బొమ్మలతో, డిజైన్లతో రేఖాగణితం చెప్పే ఉద్యోగం. ఇంకా చేతికి రాలేదు.

"రెండే రోజులమ్మా," అని మొదటిరోజే చెప్పాడు ప్రిన్సిపాల్. "సౌష్ఠవం వాళ్ల బుర్రకెక్కాలి. రేపు సాయంత్రానికి ఆ ఎదురుగోడ సీతాకోకచిలుకలతో నిండిపోవాలి. నిండితే ఉద్యోగం నీది. లేదంటే ఇంకొకరిని చూసుకుంటాం."

బస్సు దిగుతుంటే అమ్మ ఫోను. "పిల్లల మీద చెయ్యి చేసుకోకే తల్లీ. కాస్త ఓపిక పట్టు."

"వీళ్లు పిల్లలైతే ఇంకేం కావాలమ్మా!" అంది టీచరమ్మ.

ఆ మాట ఊరికే అనలేదు. మొదటిరోజు కాగితాన్ని మధ్యకు మడిచి, మడతవైపు సగం సీతాకోకచిలుక గీసి కత్తిరించమంది. విప్పితే రెండు రెక్కలూ ఒకేలా రావాలి. క్లాసులో సగం మంది మడతనే కోసేశారు.

"మేడమ్, నాది రెండు ముక్కలైంది!"

"మేడమ్, వీడు నాది కూడా కోసేశాడు!"

కాగితాన్ని పావుచుట్టు తిప్పమంటే బుల్లెట్ తానే తిరిగి కూర్చున్నాడు. చేతికి అద్దం ముక్క ఇస్తే కందిరీగ దాంతో అందరి కళ్లలోకీ ఎండ కొట్టాడు. మధ్యలో ఎవరో పిల్లిలా అరిచారు. ఎవరని అడిగితే అందరూ కిటికీలోంచి బయటికి చూశారు.

"ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న రెక్క ఏది?" అనడిగింది రెండోరోజు రాగానే.

"చిన్నది చింపేసింది మేడమ్," అన్నాడు కందిరీగ.

"చిన్నది కాదు మేడమ్, వీడే మర్చిపోయి పడుకున్నాడు," అన్నాడు వెనక బెంచీ నుంచి బుల్లెట్.

"నువ్వు నోర్ముయ్‌రా డ్రమ్ము!"

టీచరమ్మ బల్ల మీద స్కేలుతో కొట్టింది. "వినండి. మనకు మూడే పనులు. జరపడం, తిప్పడం, బోర్లించడం. పుస్తకం భాషలో స్థానాంతరణం, భ్రమణం, పరావర్తనం. ఈ మూడూ వస్తే గోడంతా సీతాకోకచిలుకలే. ఒక్కొక్కరూ ఒక్కో చదరం. చదరానికి ఒకే రెక్క. పక్క చదరంతో కలిస్తేనే ప్రాణి."

ఏ క్షణాన ఏమైందో గానీ, మధ్యాహ్నానికి గదిలో చప్పుడు తగ్గింది. నాలుకలు పళ్లమధ్య ఇరికించుకుని అందరూ రెక్కలు అంటిస్తున్నారు. చదరాలు ఒక్కొక్కటే గోడెక్కాయి. గోడ నిండింది. కింది మూల, నడుమెత్తులో ఒక్క చదరం జాగా తప్ప.

చివరి సీతాకోకచిలుక ఒంటి రెక్కతో వేలాడుతోంది.

బెంచీల కింద వెతికారు. చెత్తబుట్ట బోర్లించారు. చివరికి కందిరీగ కిసుక్కున నవ్వాడు.

"ఒరేయ్ బుల్లెట్, నీ వెనకాల ఎగురుతోందిరా!"

జిగురు బుల్లెట్‌కి అందకూడదని రాసుకుంది గానీ, కందిరీగ సంగతి రాసుకోలేదు టీచరమ్మ. బెంచీ మీద పోసిన జిగురు, దాని మీద చదరం, దాని మీద బుల్లెట్. ఇప్పుడు చదరం ప్యాంటుకి అతుక్కుపోయింది.

"లాగకండ్రా! ప్యాంటు కూడా వచ్చేస్తుంది!"

వరండాలో ప్రిన్సిపాల్ చెప్పుల చప్పుడు వినిపించింది. టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి క్లాసంతా ఒక్కసారి బిగుసుకుంది.

"గోడకి ఆనుకో!" అన్నాడు కందిరీగ.

బుల్లెట్ గోడవైపు తిరిగి మూలలో నిలబడ్డాడు.

"ఎడమకి జరుపు! ఇంకొంచెం!"

"రెక్క మొన పైకుందిరా. కుడివైపు ఉండాలి."

"అయితే బోర్లించండి!"

"బోర్లిస్తే వీడి మొహం కనిపిస్తుందిరా తెలివైనోడా! తిప్పాలి. పావుచుట్టు."

"ఎటు?"

"సవ్యదిశ!" అని గదంతా కేక వేసింది.

బుల్లెట్ అంటే వేగం చూసి పెట్టిన పేరు కాదు, బరువు చూసి పెట్టింది. నలుగురు కలిసి ఎత్తి, అడ్డంగా తిప్పి గోడకు పట్టుకున్నారు. రెక్కకు రెక్క కలిసింది.

తలుపు తెరుచుకుంది.

ప్రిన్సిపాల్ గోడను చూశాడు. గోడకు అడ్డంగా ఉన్న బుల్లెట్‌ను చూశాడు. "ఏమిటమ్మా ఇది?"



"భ్రమణం సార్," అన్నాడు బుల్లెట్ గాల్లోంచే. "తొంభై డిగ్రీలు. అంతకుముందు కాస్త స్థానాంతరణం కూడా అయింది."

"పరావర్తనం వద్దనుకున్నాం సార్," అన్నాడు కాళ్లు పట్టుకున్న కందిరీగ ఆయాసపడుతూ.

"నిన్న పొద్దున్న వీళ్లకు కుడేదో ఎడమేదో తెలీదు," అన్నాడు ప్రిన్సిపాల్. "ఉద్యోగం నీదేనమ్మా. ముందు దింపమను, నడుము పట్టేస్తుంది."

మీ ఊరి బడిలో ఎప్పుడైనా ప్యాంటు వెనక రంగురెక్క మరక ఉన్న పెద్దమనిషి, పిల్లిలా అరిచింది ఎవరంటూ బెత్తం పట్టుకుని పిల్లల మీద కళ్లెర్రజేస్తూ కనిపిస్తే, ఈ టీచరమ్మను ఒక్కసారి తలచుకోండి, ఎందుకంటే ఆ రెండు రోజులూ ఆమె క్లాసులో కూర్చున్నవాళ్లంతా శిక్షణకొచ్చిన హెడ్మాస్టర్లే.