బొల్లిగొర్రె మూసిన సందు

దొడ్డి చుట్టూ వేసిన పచ్చి రేగుకంపను చూసి పొట్టేలుకు నోరూరింది. ఎవరూ చూడకుండా ఆకు మేసి మేసి కంపలో సందు చేసింది. అందులోంచి తోడేలు దూరబోయింది. ముసలి బొల్లిగొర్రె ఆ సందుకు అడ్డం పడుకుని, కాపరి వచ్చి తోడేలును తరిమేదాకా కదల్లేదు. "కంప మేసినవాణ్ణి ఏమీ అనకండి" అని ప్రాణం విడిచింది.

అప్పట్నుంచి ఏటా మంద ఆ చోట చేరి దాని త్యాగాన్ని తలుచుకుంటూ పాట పాడేది. అందరికన్నా గట్టిగా ఏడ్చేది పొట్టేలే. అంత బాగా ఏడ్చేవాణ్ణి మందపెద్దను చెయ్యకుండా ఎలా ఉంటారు?

ఒక ఏడు ఆ ఏడుపుల మధ్య నల్లమేక ఆకలికి ఆగలేక, పెద్దగారికని పెట్టిన అవిసెమండ కొరికింది.

"తప్పయిపోయింది పెదనాన్నా, క్షమించు," అంది.

"బొల్లమ్మ రక్తం చిందిన చోట దొంగతనమా! క్షమించడానికి ఇదేమన్నా చిన్న పాపమా?" అని పొట్టేలు కొమ్ములు విసిరింది. "గెంటండి దీన్ని!"

దొడ్డి తలుపు కాపరి బిగించి వెళ్లాడు. అందుకని మంద, పాట ఆపకుండానే, బొల్లిగొర్రె ప్రాణమిచ్చి మూసిన సందులోనే కంప లాగేసి మేకను బయటికి తోసింది.

బయట తోడేలు కాచుకునే ఉంది. మేక పక్కకు దూకి పారిపోవచ్చు. కానీ వెనక గొర్రెపిల్లలు కనిపించాయి. సందుకు అడ్డం పడుకుంది. కాపరి పరిగెత్తుకొచ్చేసరికి దానికి కొనఊపిరే మిగిలింది.

"పెదనాన్నను ఏమీ అనకండి," అంది.

ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు పొట్టేలు ఇద్దరి కోసం ఏడ్చింది. మంద దాని ముందు రెండు అవిసెమండలు పెట్టింది.