గరిటె పిలుపు

టంగ్. టంగ్. టంగ్.

మనిషి కనబడక ముందే చప్పుడు వినబడింది.

రాజశేఖర్ బండి ఆపాడు. ఆ నాపరాళ్ళ గనికి సూపర్‌వైజరుగా అతనికది మొదటి రోజు. చుట్టూ ఎర్రటి బీడు, పైన తెల్లటి ఎండ. రాతి మీద సుత్తి పడితే ఇలా మోగదు. ఇది ఇనుము మీద ఇనుము.

నాలుగడుగులు నడిచి చూశాడు.

నిలువునా తవ్విన లోతైన గుంత. ఆ గుంత అంచున నీలిరంగు పట్ట. పట్ట కింద గ్యాసు పొయ్యి, పెద్ద బాణలి, ఎగసే మంట. ముందు వేలాడే గుడ్డ మీద ఎర్రటి అక్షరాలు: ఫాస్ట్ ఫుడ్.

ఊరు లేదు. చెట్టు లేదు. సరైన దారైనా లేదు. ఫాస్ట్ ఫుడ్ ఉంది!

కొంగు నడుముకు బిగించిన ఒకామె గుంతలోకి వంగి గొంతెత్తి పిలుస్తోంది.

"సుంకప్పన్నా! నీ ఎగ్ నూడుల్స్!"

"వస్తాండా తల్లీ!"

"అయ్యన్నా! గోబీ! కారం నువ్వడిగినంతే ఏసినా, మళ్ళా నన్ను తిట్టొద్దు!"

కూలీలు రాతిమెట్లెక్కి ఒకరి వెనక ఒకరు పైకి వస్తున్నారు.

చివరి ప్లేటుకు మాత్రం ఆమె పెదవి కదలలేదు. గరిటెతో బాణలి అంచును రెండుసార్లు తట్టింది. ఎర్ర రుమాలు చుట్టుకున్న ఒక మనిషి నవ్వుకుంటూ వచ్చి ప్లేటు అందుకున్నాడు.

"అతన్ని పేరు పెట్టి పిలవదేం?" రాజశేఖర్ అడిగాడు.

"మొగుడు గదా సార్," అన్నాడు సుంకప్ప నూడుల్స్ ఊదుకుంటూ. "పేరు పలికితే మొగుని ఆయుస్సు తగ్గుతాదని వాళ్ళమ్మ చెప్పిందంట. పెండ్లయిననాటి నుంచి ఆ పేరు ఆమె నోట మేమెవరమూ ఇనలే."

"నువ్వు రోజంతా ఇక్కడుంటే ఇంట్లో వంటెవరమ్మా?" రాజశేఖర్ ఆమె వైపు తిరిగాడు.

"ఆయనే సార్. రేతిరి సంగటి కెలికేది ఆయనే, పొద్దున పాపకు జడలేసేదీ ఆయనే. జడలు రెండూ చెరో దిక్కు సూస్తాంటాయి గానీ, సంగటి నాకంటే బాగ కెలుకుతాడు!"

అందరూ నవ్వారు. ఎర్ర రుమాలు మనిషి అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాజశేఖర్ నవ్వలేదు.

"పేరేంటమ్మా?"

"శివలీల."

"గని అంచున బయటివాళ్ళు ఉండకూడదు. అది నిబంధన. రేపటికి ఇది తీసెయ్యాలి. బేతంచెర్ల బస్టాండు దగ్గర పెట్టుకో, బేరమైనా బాగుంటుంది."

"బేరం కోసరం కాదు సార్. నేనీడ ఉంటేనే ఈళ్ళు పైకొస్తారు."

ఆ మాటకు అర్థమేమిటో అతడు అడగలేదు.

"రేపటికి తీసెయ్యి," అన్నాడు.

మరునాడు మధ్యాహ్నానికి పొయ్యి, బాణలి ఆటో ఎక్కాయి.

గనిలో యంత్రాలు ఆగాయి. అన్నం వేళ అయింది. పైనుంచి ఏ చప్పుడూ రాలేదు. ఎవరూ మెట్లెక్కలేదు. అందరూ ఇంటి క్యారియర్లు పట్టుకొని గుంతలో ఉన్న ఒకే ఒక్క నీడకు చేరారు. అది గుంత అవతలి వైపున్న ఎత్తైన మట్టిగోడ నీడ.

ఆటో ముందు సాగింది. శివలీల వెనక నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి గుంత వైపు తిరిగి చూసింది.

రేకుల గదిలో ఫోను మాట్లాడుతున్న రాజశేఖర్‌కు ఒక కేక వినిపించింది. ఆ కేకలోని మాట అందలేదు. వెంటనే పరుగుల చప్పుడు. ఆ వెనుకే నేల కడుపులోంచి వచ్చినట్టు ఒక గర్జన.

బయటికి పరుగెత్తాడు. దుమ్ము, అంతా దుమ్ము.

దుమ్ము అణగాక చూస్తే గోడ లేదు. గోడ నీడ లేదు. క్యారియర్లన్నీ మట్టి కింద ఉన్నాయి.

"కింద ఎవరైనా..." అంటూ గుంత అంచుకు వంగాడు.

"ఎవరూ లేరు సార్," అన్నాడు సుంకప్ప రొప్పుతూ. "అందరమూ ఈడనే ఉండాము."

"ఎట్లా వచ్చారు?"

"మన్ను రాల్తాందని మాత్రమే అరిచింటే, దినామూ రాల్తాదిలే అనుకొని తింటా కూర్చుంటాంటిమి. శివలీల మొగుని పేరు పెట్టి పిలిచింది సార్! ఏం మునిగిందో అని ఎంగిలి చేతుల్తోనే పరిగెత్తినాము."

శివలీల నేల మీద కూలబడి ఉంది. రాజశేఖర్ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గోడ పడుతుందని నీకెట్లా తెలుసమ్మా?"

"నాకేం తెలుసు సార్. ముందు ఇంట్లోనే ఉంటి. పొద్దున క్యారియర్ కట్టిస్తాంటి, మాపటికి కడుగుతాంటి. ఎప్పుడు కడిగినా అడుగున ఇంత మన్ను. యాడిదని అడిగితే, గోడ నీడన తింటామనె. పైకొచ్చి తినండప్పా అంటే అందరూ నవ్విరి."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సంగటికయితే అన్ని మెట్లు ఎవరెక్కుతారు సార్? నూడుల్సుకయితే ఎక్కుతారని, ఫోన్లో సూసి నేర్చుకుంటి. పొయ్యి మీద పాలు పెట్టినట్టు దినామూ ఆ గోడ పక్కే సూస్తాంటి. ఈ పొద్దు తిరిగి సూస్తే మన్ను కుప్పలుగా జారతాండె."

ఇంట్లో ఉండవలసిన పొయ్యి ఇంత దూరం ఎందుకు నడిచివచ్చిందో, రాజశేఖర్‌కు ఇప్పుడు కనబడింది.

లేచి పరుగెత్తాడు. ఆటోను తనే వెనక్కి తెచ్చాడు. గుంతకు దూరంగా గట్టి నేల చూసి, బాణలిని తన చేతులతోనే పొయ్యి మీద పెట్టాడు.

మొదటి ప్లేటు సిద్ధమైంది. శివలీల గరిటె ఎత్తింది.

"గరిటె వద్దు," అన్నాడు ఎర్ర రుమాలు మనిషి. అతని కనుబొమల మీద ఇంకా దుమ్ము ఉంది. "నా ఆయుస్సేం తగ్గలేదులే. ఇంగొక్కసారి పిలువు."

కూలీలంతా దగ్గరికి చేరారు. సుంకప్ప తలగుడ్డ తీసి చేతపట్టుకున్నాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. సిగ్గుతో తల వంచింది. మెల్లగా తలెత్తి, బీడంతా వినబడేలా పిలిచింది.

"మద్దిలేటీ!"