రేవు మూసే వేళ

టీకొట్టు తలుపు తెరుచుకోగానే ముందు గాలి లోపలికి వచ్చింది, దాని వెనకాల ఒక ముసలావిడ వచ్చింది.

కుంకుమపువ్వు రొట్టెల మీద కప్పిన గుడ్డ ఎగిరి పొయ్యి దగ్గర పడింది.

"తలుపెయ్యండమ్మా. కొట్టు సముద్రంలోకి పోయేట్టుంది," అంది కొట్టు నడిపే లవ్‌డే.

కార్న్‌వాల్ కొసనున్న ఆ చిన్న రేవులో, వేసవికి వచ్చిపోయేవాళ్ళను చీమలంటారు. అక్టోబరులో చీమ కనిపించిందంటే తుఫాను వినోదం చూడ్డానికి వచ్చినట్టే.

"పాపం, ఈ చీమకి వేసవి అయిపోయిందని ఎవరూ చెప్పలేదు," అన్నాడు మూల బల్ల దగ్గర టీ తాగుతున్న డెంజిల్.

ఆవిడ విననట్టే కూర్చుంది. కోటు అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కొండబాట మీద నడిచొచ్చాను. ఆ నల్లరాళ్ళ వెనకాల నీలం పడవొకటి పీతబుట్టలు లాగుతోంది. ఎవరిదమ్మా?"

లవ్‌డే టీ కప్పు ఆవిడ ముందు పెట్టింది.

"నీలం పడవంటే మా ఆయనదే. రేవు పెద్ద హాస్కిన్ గారు లేరూ, వాళ్ళబ్బాయి జేగో. కానీ ఆయన పొద్దున్నే న్యూలిన్ చేరిపోయాడు. బస్సు డ్రైవరు చూసొచ్చి చెప్పాడు."

చిన్న పడవలకు ఇంకా రేడియోలు రాని రోజులవి. గాలి చెడితే పడవలు న్యూలిన్ పెద్ద రేవులో తలదాచుకునేవి. అక్కడి నుంచి వచ్చే బస్సు డ్రైవరు ఆ కబురు మోసుకొచ్చేవాడు. ఆ మాట మీదే ఆడవాళ్ళు గుండె దిటవు చేసుకునేవాళ్ళు.

ఆవిడ కప్పు కింద పెట్టి లవ్‌డేను చాలాసేపు చూసింది.

"హాస్కిన్ కోడలివా?"

"అవును."

"డ్రైవరు చూసింది పడవనా, రంగునా?"

"మీరు టీ తాగండి," అంది లవ్‌డే కటువుగా. "మా పడవల సంగతి మాకు తెలుసు."

ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటేసరికి గాలి నైరుతికి తిరిగింది. సముద్రం లేచి నిలబడింది.

అవి అలలు కావు, కొండలే నడిచి వస్తున్నట్టున్నాయి. గట్టు కొసనున్న దీపస్తంభాన్ని ఒక అల మొత్తంగా మింగి, కాసేపు దాచుకుని, మళ్ళీ వదిలింది. నురగ ఇళ్ళ పొగగొట్టాల మీద మంచులా వాలింది. పుట్టింది మొదలు సముద్రాన్ని చూస్తున్నవాళ్ళు కూడా టోపీలు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

ఇక రేవు మూయాలి.

రేవు నోటికి రెండు పక్కలా రాతిలో గాడులు తొలిచి ఉన్నాయి. వాటిలోకి పెద్ద పెద్ద దుంగలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా దింపితేనే సముద్రం బయట ఆగుతుంది. ఆలస్యమైతే లోపల కట్టిన పడవలు పుల్లలవుతాయి, ముందు వరస ఇళ్ళు కూలుతాయి. ఎప్పుడు దింపాలో చెప్పేది హాస్కిన్ ఒక్కడే.

అడుగు దుంగలు దిగాయి. ఇంకొక్కటి దిగితే ఏ పడవా లోపలికి రావడం కుదరదు.

గట్టు మీదున్న ఆ దుంగ మీద ముసలావిడ కూర్చుని ఉంది.

"అమ్మా, టీకొట్టు అటు," అన్నాడు దుంగలెత్తే క్రేను దగ్గరున్న డెంజిల్.

"ఇంకో పడవ రావాలి."

"అన్నీ వచ్చేశాయి. జేగోది న్యూలిన్‌లో ఉంది."

"నువ్వు చూశావా?"

"చూడ్డానికి నేనేమన్నా చీమనా, పనీపాటా లేకుండా తిరగడానికి? లేవమ్మా తల్లీ, ఊరు మునుగుతుంది."

ఆవిడ దుంగకు చుట్టిన ఇనప గొలుసును రెండు చేతులతో పట్టుకుంది.

లవ్‌డే పరుగెత్తుకొచ్చింది. "మామయ్యా, ముందు ఆవిణ్ణి లేపించండి."

హాస్కిన్ తిట్టుకుంటూ వచ్చాడు. "ఎవత్తెవే నువ్వు? ఊరు ముంచడానికి దాపురించావా?"

ఆవిడ తలెత్తింది. గాలికి ముసుగు జారిపోయింది.

హాస్కిన్ తిట్టు సగంలోనే ఆగిపోయింది.

"లాగి పక్కన పెట్టమంటారా?" అన్నాడు డెంజిల్.

"ఆగు."

"నీళ్ళు లోపలికి కొడుతున్నాయి పెద్దాయనా."

"ఆగమన్నాను కదరా."

రేవు మూసే వేళ హాస్కిన్ నోట ఆగమన్న మాట అంతకుముందెన్నడూ ఎవరూ వినలేదు. గట్టు దాటి వచ్చిన అల, లోపలున్న డెంజిల్ పడవను గోడకేసి కొట్టి పగలగొట్టింది. అతను క్రేను పిడి మీద పిడికిలితో గుద్దాడు. హాస్కిన్ చూపు ఆవిడ మీద నుంచి కదల్లేదు.

అప్పుడు లవ్‌డే చూసింది. తెల్లటి నురగ మధ్య, ఒక అల శిఖరాన, నీలం రంగు.

చెయ్యి చాపి చూపించింది.

పడవ రెండు అలల మధ్య లోయలోకి పడి కనిపించకుండా పోయింది. మళ్ళీ లేచింది. ఊరిని మింగడానికి వచ్చిన ఆ సముద్రమే దాన్ని ఎత్తి, అడుగు దుంగల మీదుగా, చంటిబిడ్డను గుమ్మం దాటించినట్టు లోపల దించింది.

ముసలావిడ దుంగ మీద నుంచి లేచింది.

"ఇప్పుడు దింపుకోండి," అంది.

దుంగలన్నీ దిగాయి. బయట సముద్రం వాటిని గుద్దుతూ ఉంటే కాళ్ళ కింద రాయి అదిరింది.

లవ్‌డే మొగుణ్ణి ముందు కొట్టింది, తరువాత పట్టుకుని ఏడ్చింది. "నిన్ను న్యూలిన్‌లో చూశానన్నాడే డ్రైవరు."

"అక్కడ ఇంకొకడు మొన్ననే నీలం వేశాడే. వాడి పడవ చూసుంటాడు."

ఆవిడ కోసం లవ్‌డే గట్టంతా వెతికింది. సాయంత్రం బస్సు అప్పటికే కొండెక్కి పోయింది.

"ఒక్క మాటైనా చెప్పుకోనివ్వలేదు," అంది తిరిగొచ్చి. "మామయ్యా, ఆవిడ మీకు తెలుసా?"

హాస్కిన్ టోపీ తీసి తడి రాతి మీద కూలబడ్డాడు.

"ఈ ఊరి కోడలే. నువ్వు పుట్టకముందు వెళ్ళిపోయింది."

"ఎందుకు?"

"ఇలాంటి రోజునే," అన్నాడు హాస్కిన్, "ఆవిడ మొగుడి పడవ అదిగో అక్కడిదాకా వచ్చాక కూడా, దుంగ దింపమన్నది నేనే."