విప్పి చూద్దాం

“ముందు ఆ దుప్పటి తీసి బయటికి రండి. లేకపోతే ఆ మైకు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేస్తాను” అంది భార్య.

ఫ్యాన్ల మెకానిక్ దుప్పటిలోంచి తల మాత్రం బయటపెట్టాడు. ముఖమంతా చెమటే. వీధిలో హారన్ల మోత రికార్డు కాకుండా ఉండాలంటే షాపు వెనకగదిలో దుప్పటి కప్పుకుని మాట్లాడమని బావమరిది చెప్పాడు. బావమరిది రికార్డింగ్ స్టూడియోలో ఉద్యోగి. అతను ఏం చెబితే మెకానిక్‌కి అదే వేదవాక్కు.

“మెల్లిగా మాట్లాడవే. రికార్డవుతోంది.”

“అవనివ్వండి. పొద్దుట్నుంచి షాపు గడప తొక్కిన నాథుడు లేడని మీ శ్రోతలకి కూడా తెలియనివ్వండి.”

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ‘విప్పి చూద్దాం’ అని ఆయన మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్‌కి వినేవాళ్ళు వారం వారం పెరుగుతున్నారు. షాపుకి వచ్చేవాళ్ళు వారం వారం తగ్గుతున్నారు. షాపులో తను బాగుచేసేది ఇస్త్రీపెట్టె కానీ, కుట్టుమిషను కానీ, గోడగడియారం కానీ, దాని మరమ్మతు మొదటినుంచి చివరిదాకా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడాయన. నిన్నటికి నిన్న పాల దుకాణం దగ్గర ఒకావిడ నలుగురిలో ఆయనకి దండం పెట్టింది. “మీ పుణ్యమా అని మా కుట్టుమిషను నేనే బాగుచేసుకున్నానండీ. ఇక మీ షాపుకి వచ్చే పనే లేదు” అంది. ఆయన పొంగిపోయాడు. పక్కనే ఉన్న భార్యకి ఒళ్ళు మండిపోయింది.

“ఈ నెలాఖరుదాకా చూస్తాను” అంది ఆవిడ ఇప్పుడు. “అప్పటికీ ఇలాగే ఈగలు తోలుకుంటూ కూర్చుంటే షట్టరు దించేసి మా చిన్నాన్న గోడౌనుకి కాపలాకి వెళ్దురుగాని. ఆయనకి మాట కూడా ఇచ్చేశాను.”

స్క్రూడ్రైవరు పట్టిన చేత్తో కాపలా కర్ర పట్టుకోవడం తలచుకుంటేనే మెకానిక్‌కి ఏడుపొచ్చింది. అలాగని పాడ్‌కాస్ట్ మానడానికీ మనసు రాలేదు. ఇంట్లో ఆయన మాట వినే దిక్కు ఎటూ లేదు. బయట వినేవాళ్ళు దొరికాక ఎవరు మాత్రం వదులుకుంటారు?

బావమరిదిని పిలిపించాడు. అతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక ఎపిసోడ్ విన్నాడు. సగంలోనే తీసి పక్కన పెట్టాడు.

“బావా, ఇలా సాగదీస్తే ఎలా? వచ్చిన కొత్తవాడు వచ్చినట్టే పారిపోతాడు. వినేవాళ్ళు ఇంకా పెరిగితే అందులో పనులు తెచ్చేవాళ్ళూ ఉంటారు. మొదటి మాటలోనే విషయంలోకి దిగు. సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు కాదు, ఎదురుగా ఒక్కడు కూర్చున్నట్టు మాట్లాడు. మైకు మింగేస్తున్నావ్, జానెడు దూరంలో పెట్టుకో. ప్రతి వారం ఒకే రోజు విడుదల చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, కత్తిరించు బావా. దయాదాక్షిణ్యం లేకుండా కత్తిరించు.”

“నా మాట నేనెలా కత్తిరించుకుంటానురా? ప్రతి ముక్కా అవసరమే అనిపిస్తుంది.”

“అయితే ఆ పని అక్కకివ్వు. నీ మాటకి అడ్డుపడటంలో అక్కకి పెళ్ళినాటినుంచీ అనుభవం ఉంది.”

అక్క తమ్ముణ్ణి గుర్రుగా చూసింది కాని, కాదనలేదు. ఆ సాయంత్రమే అతని పక్కన కూర్చుని కంప్యూటరులో మాటలు ఎలా కత్తిరించాలో, ఎలా అతికించాలో నేర్చుకుంది. మంచి చురుకైన మనిషి, ఇట్టే పట్టేసింది.

ఆ వారం టేబుల్ ఫ్యాను వంతు. మెకానిక్ దుప్పటి కింద చెమటలు కక్కుతూ ప్రాణం పెట్టి మాట్లాడాడు. భార్య కత్తిరించి, తనే విడుదల చేసేసింది.

“ఒక్కసారి విననీవే” అని బతిమాలాడు.

“మీరు విన్నారంటే తీసేసినవన్నీ మళ్ళీ పెట్టమంటారు. పోయి పడుకోండి.”

రెండు రోజులు పోయాక పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి షాపు ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఒకాయన ఫ్యాను రెక్కలు చంకలో పెట్టుకొచ్చాడు. ఒకావిడ మోటారుని బిస్కెట్ల డబ్బాలో తెచ్చింది. ఓ పెద్దాయన ఫ్యాను మొత్తాన్ని సంచిలోంచి బల్ల మీద గుమ్మరించాడు. స్క్రూలు దొర్లుకుంటూ వెళ్ళి బల్ల కింద పడ్డాయి.

“మీరు చెప్పినదాంట్లో ఏ లోపమూ లేదు సార్. మా చేతకానితనం” అన్నాడు పెద్దాయన తలదించుకుని.

“అవునండీ, మీరు ఎంత బాగా చెప్పారో. ఎంతైనా మీ చెయ్యి పడాల్సిందే” అంది డబ్బా ఆవిడ.

సాయంత్రానికి షాపులో కాలు పెట్టే చోటు లేదు. ఫ్యాన్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్న మెకానిక్ ముఖం వెలిగిపోతోంది.

“చూశావా నా గొంతు మహిమ? నన్నేమో గోడౌనుకి తోలేద్దామనుకున్నావు.”

“మీరు రారని చిన్నాన్నకి ఇందాకే ఫోను చేసి చెప్పేశాను” అంది ఆవిడ, ఆయనకి టీ గ్లాసు అందిస్తూ.

ఆయన టీ ఒక గుక్క తాగి, ముందున్న ఫ్యానుని ఇటూ అటూ తిప్పి చూసి తల గోక్కున్నాడు.

“ఒక్కటే నాకు అంతుపట్టడం లేదే. అందరూ నేను చెప్పినట్టే విప్పారు, చెప్పినట్టే తుడిచారు. తిరిగి బిగించడం మాత్రం ఇంతమందిలో ఒక్కరికీ రాలేదేమిటి? అదీ అంత వివరంగా చెప్పానే.”

“చెప్పారండీ, చాలా బాగా చెప్పారు” అంది భార్య కిందపడ్డ స్క్రూలు ఏరుతూ. “నిడివి తగ్గించాలన్నాడుగా మా తమ్ముడు, ఆ ఒక్క ముక్కా నేనే కత్తిరించేశాను.”