కొళాయిలో చప్పుడు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా వీధి కొళాయిలో గలగలమన్నది నీళ్లు కాదు, లోపల కూర్చున్న ఈ కప్పే.

నీళ్ల చప్పుడు చేస్తే ఉండడానికి పైపు ఇస్తానని మా ఊరి చైర్మన్ నక్క అంటే సరేనన్నాను. ఏడాది ప్రగతి సభలో నక్క చైర్మన్ కొళాయి తిప్పాడు, నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ముఖ్య అతిథి ఏనుగుగారు చెవులతో చప్పట్లు కొట్టి, నక్కకు దండ వేసి వెళ్లారు.

మర్నాటి నుంచీ పిచ్చుక తన పిల్లను కొళాయి కిందే కూర్చోబెడుతోంది.

"అమ్మా, దాహం."

"చప్పుడొచ్చింది కదరా, నీళ్లూ వస్తాయి. నోరు తెరిచే ఉంచు."

నక్కను అడిగాను. "చైర్మన్‌గారూ, నీళ్లెప్పుడు?"

"వచ్చే ఏటి ప్రగతికీ ఏదో ఒకటి మిగల్చాలి కదమ్మా. నువ్వు గొంతు జాగ్రత్త."

ఇవాళ ఆ పిల్ల నోరు తెరుచుకునే సోలిపోయింది. ఇక ఆగను. ఏనుగుగారికి ఫోన్ చేస్తాను. దాహమేస్తే మా కొళాయికే రమ్మంటాను, చైర్మన్‌గారినే దగ్గరుండి తిప్పమంటాను.